నా కార్డుతో తెరుచుకున్న తలుపు

పక్క ఇంటిని పడగొట్టడం మొదలైన ఐదో రోజున ఒక గోడ పెళ్ల మా కిటికీ అద్దాన్ని బద్దలు కొట్టుకుని వచ్చి నా కంప్యూటర్ తెర మీద పడింది. నేనప్పుడు కింద వంటింట్లో నీళ్లు తాగుతున్నాను. పైకి వచ్చి చూస్తే కుర్చీ నిండా గాజు పెంకులు. రెండు నిమిషాల ముందు ఆ కుర్చీలో నేనే ఉన్నాను. డాబా మీదికి పరుగెత్తి, జేసీబీ నడుపుతున్న మనిషిని నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను. తమిళంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగాను. ఇంజను హోరులో అతనికి ఒక్క మాటా వినపడలేదు. నేనేదో పలకరిస్తున్నాననుకుని చెయ్యి ఊపాడు. నా భర్త వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. నా చేతిలో సగం ఇటుక ఉందని అప్పుడే చూసుకున్నాను.

"వాడు సచ్చుంటే?" అన్నాడు.

ఇటుక కింద పెట్టాను. విసిరి ఉండేదాన్నని ఇద్దరికీ తెలుసు.

మాది కోయంబత్తూరు. ఎన్ని తరాల కిందట వచ్చామో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను ముప్పై ఏళ్లు దాటాక నేర్చుకున్నవి. నా పని తిరుప్పూరు బనియన్ కంపెనీలకు కొలతల నమూనాలు గీయడం. ఒక చొక్కాకు మధ్య సైజు వాళ్లు పంపిస్తే, చిన్నది నుంచి పెద్దది దాకా మిగతా సైజులన్నీ కంప్యూటర్ మీద లెక్కకట్టి గీసి పంపుతాను. చంక దగ్గర అర సెంటీమీటరు తప్పితే వేల చొక్కాలు చెత్తబుట్టకే పోతాయి. ఎనిమిదేళ్లు మేడ మీది గదిలో ఒంటరిగా ఆ పని చేశాను.

ఒంటరిగా అంటే ప్రశాంతంగా అని కాదు. ఆ గదిలో నేను కొట్టని వస్తువు లేదు. ఫైలు పోతే బల్ల మీద పిడికిళ్లతో గుద్దేదాన్ని. ఒకసారి కీబోర్డును గోడకేసి కొడితే అక్షరాలు ఊడి మంచం కిందికి పోయాయి. ఫోను పెట్టేశాక కంపెనీ మేనేజర్లను వాళ్ల ఏడు తరాలతో కలిపి తిట్టేదాన్ని. మా నాన్న మిల్లులో పని చేసేవాడు. చెయ్యి ముందు, మాట తర్వాత. ఆయన చెయ్యి నాకు వచ్చిందని అమ్మ అనేది. తలుపు మూసుకుంటే ఆ చేతితో ఎవరికీ హాని లేదు. అందుకే నాకు తలుపు మూసుకునే పని నచ్చింది.

పక్కింటి కూల్చివేత అయ్యాక కొత్త కట్టడం మొదలవుతుందని, ఏడాది పైనే పడుతుందని తెలిశాక, అవినాశి రోడ్డు మీద ఒక మేడలో మూడో అంతస్తులో ఉన్న కోవర్కింగ్ హాల్లో నెలకింతని కుర్చీ తీసుకున్నాను. నలభై మంది దాకా కూర్చునే పొడుగాటి గది. అద్దాల తలుపు. మెడలో వేసుకున్న కార్డును పక్కనున్న నల్ల డబ్బాకు చూపిస్తే తెరుచుకునేది. లోపల చలి. ఎవరికి ఎవరూ ఏమీ కారు.

మొదటి నెల నరకం. నా ఎడమ పక్క ఒకాయన ఇళ్ల స్థలాలు అమ్మేవాడు. ఫోను స్పీకరులో పెట్టి రోజంతా అరిచేవాడు. నాకు పళ్లు బిగుసుకుపోయేవి. బల్ల కింద రెండు పిడికిళ్లూ మూసి, గోళ్లు అరచేతుల్లోకి గుచ్చుకునేదాన్ని. సాయంత్రం ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక్కో చేతిలో నాలుగు ఎర్రటి నెలవంకలు. ఒకరోజు ఆయన కాఫీ కప్పు నా మౌసు పక్కన పెట్టాడు. ఆ కప్పును ఆయన ముఖం మీదికి ఎలా విసరాలో, వేడి కాఫీ ఎక్కడెక్కడ పడుతుందో, అంతా ఒక క్షణంలో నా కళ్లకు కట్టింది. లేచి బాత్రూంకి పోయి పంపు విప్పి, చేతిగుడ్డను నోట్లో కుక్కుకుని అరిచాను.

తర్వాత ఒక ఉపాయం దొరికింది. వినపడినా వినకూడదు. కనపడినా చూడకూడదు. పక్కవాడి ఫోను నాది కాదు, పక్కవాడి ఏడుపు నాది కాదు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఏ పాటా పెట్టకుండా, ఉత్తినే కూర్చోవడం నేర్చుకున్నాను. మూడో నెలకి అరచేతులు మానాయి. నేను మారిపోయానని ఇంట్లో గర్వంగా చెప్పాను.

నా ఎదుటి కుర్చీలో ఒక అమ్మాయి ఉండేది. ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఉంటాయి. ఏదో విదేశీ ఆసుపత్రికి వచ్చే ఫోన్లు తీసుకుని ఇంగ్లీషులో మాట్లాడేది. నాతో తమిళంలో ఒకటి రెండు మాటలు. చార్జరు ఉందా అక్కా, పులిహోర తింటారా అక్కా, అంతే. ఒకసారి నా అర మీటరు ఉక్కు స్కేలు బల్ల మీది నుంచి జారి నేల మీద పడింది. పెద్ద చప్పుడు. ఆ అమ్మాయి కుర్చీలోంచి దిగి బల్ల కిందికి దూరింది. చేతులు తల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత పైకి లేచి, పెన్ను పడిపోయిందన్నట్టు ఒక పెన్ను చూపించి నవ్వింది. నేనూ నవ్వాను. ఏమైందని అడగలేదు. ఇంకొక రోజు ఫోనులో ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతూ ఏడ్చింది. నేను హెడ్‌ఫోన్లు సర్దుకున్నాను.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు కింద టీ తాగి పైకి వెళ్దామని లిఫ్టు దగ్గర నిలబడ్డాను. ఇద్దరు మగవాళ్లు వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఒకతనికి యాభై దాటాయి, తెల్ల చొక్కా, తెల్ల పంచె. ఇంకొకడికి ముప్పై లోపు, చేతిలో హెల్మెట్. పెద్దాయన "లిఫ్టు రాదేమిరా, ఇంతసేపు" అన్నాడు. మదురై వైపు తెలుగు. మా మేనత్త మాట్లాడే తెలుగు. కోయంబత్తూరు నడిబొడ్డున, రోడ్డు పక్కన, ముక్కూ ముఖం తెలియని మనుషుల నోట ఇంటి భాష వినిపిస్తే మాలాంటి వాళ్లకు ఎలా ఉంటుందో చెప్పలేను. పలకరించాలనిపించింది. మీది ఏ ఊరండీ అని నోటిదాకా వచ్చింది.

లిఫ్టులోకి ఎక్కాక వాళ్లు నా వైపు చూడలేదు. తమిళావిడ అనుకున్నారు.

"లోపలికి పోయినాక మాట్లాడకు," అన్నాడు పెద్దాయన. "నేరుగా జుట్టు పట్టుకో. ఈడ్చుకొని లిఫ్టులోకి తెచ్చేయ్. కింద డ్రైవరు కారు తిప్పి పెట్టుండాడు."

"అరిస్తే చిన్నాయనా?"

"అరవనీ. మన ఇంటి పిల్ల, తల బాగలేదు అని నేను చెప్తా. ఎవుడూ అడ్డం రాడు."

"మన ఊరు తిరుమంగళం పోయేదాకా గమ్ముగా ఉంటాదా?"

"ఉండదు. అందుకే గుడ్డ తెచ్చినా."

మూడో అంతస్తు వచ్చింది. నేను ముందు దిగాను. అద్దాల తలుపు దాకా ఏడెనిమిది అడుగులు ఉంటాయి. నాకు అంతా అర్థమైంది. ఏ అమ్మాయి అన్నది ఒక్కటే తెలియదు. లోపల అమ్మాయిలు అయిదారుగురు ఉంటారు. నా వెనకాల పెద్దాయన తమిళంలో, చాలా మర్యాదగా, "కొంచెం తలుపు తియ్యమ్మా, మా అమ్మాయిని చూడాలి" అన్నాడు.

నేను కార్డు చూపించాను. తలుపు తెరుచుకుంది.

ఎందుకు తెరిచానని ఎంతోమంది అడిగారు. భయమని చెప్పాను. భయం కాదు. నాకు మా నాన్నంటే తప్ప ఎవరన్నా భయం లేదు. మూడు నెలలు పట్టి నేర్చుకున్న ఆ విననితనం అప్పటికి చేతిలోకి కూడా దిగింది. చెయ్యి రోజూ చేసే పని చేసేసింది.

హెల్మెట్ పట్టుకున్నవాడు నేరుగా నా ఎదుటి కుర్చీ దగ్గరికి పోయాడు. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరికో ఇంగ్లీషులో మందుల వేళలు చెబుతోంది. జడ పట్టుకుని గుంజాడు. ఆమె నుదురు బల్ల అంచుకు తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు తెలుసు. కీబోర్డు మీద రక్తం పడింది. హెడ్‌ఫోన్‌లోంచి ఎవరో హలో, హలో అంటున్నారు.

అందరూ లేచి నిలబడ్డారు. పెద్దాయన రెండు చేతులూ ఎత్తి, తమిళంలో, "కుటుంబ విషయం, కుటుంబ విషయం. పాపం, తల సరిగా లేదు. ఆసుపత్రికి తీసుకుపోతున్నాం" అన్నాడు. లేచినవాళ్లు వెనక్కి జరిగారు. ఇళ్ల స్థలాలాయన ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి అరిచింది. తెలుగులో.

"అన్నా, వద్దన్నా! సంపేస్తారన్నా నన్ను! ఎవరినన్నా పిలవండి, సంపేస్తారు!"

మూడు నెలలు ఒక బల్లకు ఇటూ అటూ కూర్చున్నాం. ఇద్దరం ఒకే భాషను మింగుకుని తమిళంలో చార్జర్లు అడుక్కున్నాం. ఆ నలభై మందిలో ఆమె ఏమంటోందో తెలిసింది నా ఒక్కదానికే.

ఉక్కు స్కేలు నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. మొదటి దెబ్బ అతని మణికట్టు మీద పడింది. జడ వదిలేశాడు. రెండోది చెవి మీద, అంచుతో. రక్తం చొక్కా మీదికి కారింది. అతను తిరిగి హెల్మెట్‌తో నా నోటి మీద కొట్టాడు. నోట్లో ఏదో గట్టిగా విరిగింది. నొప్పి రాలేదు. ఉమ్మేసి, "విడువురా దాన్ని! విడువు!" అని అరిచాను.

తెలుగు వినగానే అతను ఆగిపోయాడు. రక్తం కారుతున్న చెవి పట్టుకుని, నిజంగా ఆశ్చర్యపడి, "నువ్వు మనోళ్లా?" అన్నాడు.

పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఏమ్మా, మన ఇంటి ఆడదానివై ఉండి ఇదేమి పని? కులం కాని వానితో పోయింది ఇది. నీకు కూతురుంటే తెలుస్తాది. పక్కకు జరుగు తల్లీ."

తల్లీ అన్నాడు. ఆ మాటకే నాలో ఏదో తెగిపోయింది. ఆయన పొట్టలో స్కేలు కొనతో పొడిచాను. చొక్కా చిరిగింది, లోతుగా దిగలేదు. ఆయన తలుపు వైపు పరుగెత్తాడు. లోపలి నుంచి తెరవడానికి కార్డు అక్కరలేదు. అన్న కొడుకును అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

వాడు రక్తం మీద జారి కింద పడి ఉన్నాడు. లేవబోతున్నాడు. నేను కొట్టాను. భుజం మీద, వీపు మీద, అడ్డం పెట్టుకున్న చేతుల మీద. ప్రతి దెబ్బకూ నా గొంతులోంచి మా నాన్న గొంతు వచ్చింది. నాకు చాలా హాయిగా ఉంది. ఇది రాయడానికి చాలా కాలం ఆలోచించాను. హాయిగానే ఉంది. మూడు నెలలుగా బల్ల కింద మూసిపెట్టిన పిడికిళ్లు విప్పినట్టు ఉంది.

వెనక నుంచి రెండు చేతులు నా నడుము చుట్టుకున్నాయి. నుదుటి నుంచి కళ్లలోకి రక్తం కారుతున్న ఆ అమ్మాయి నన్ను వెనక్కి లాగుతోంది.

"అక్కయ్యా, చాలు. మా అన్న. సచ్చిపోతాడు. చాలక్కయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా."

స్కేలు వదిలేశాను.

ఆమె నుదుటికి ఆరు కుట్లు. వాడి చెవి కింది సగం కుట్టినా నిలవలేదు. కుడి చేతి రెండు వేళ్ల ఎముకలు విరిగాయి. నా ముందు పళ్లు రెండు పోయాయి. పోలీస్ స్టేషనులో ఇన్‌స్పెక్టరు వీడియో రెండుసార్లు చూశాడు. నన్నూ చూడమన్నాడు. వాడు లేచి ఉండగా నేను కొట్టినవి రెండు. కింద పడ్డాక కొట్టినవి తొమ్మిది. తెరలో కనపడుతున్న ఆడమనిషి ముఖం నేను గుర్తుపట్టగలిగినదే. అది నాది మాత్రం కాదు, మా నాన్నది.

"వాళ్లు లోపలికి ఎలా వచ్చారు? కార్డు లేకుండా తలుపు తెరుచుకోదు కదా" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

ఆ అమ్మాయి పక్క కుర్చీలోనే ఉంది. తలకు కట్టు. తిరుప్పూరు నుంచి పరుగెత్తుకొచ్చిన ఆమె భర్త చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, మిల్లు మెకానిక్, చేతులకింకా గ్రీసు.

"నేను తీశాను," అన్నాను. "వాళ్ల మాటలు విన్నాను. విని తీశాను."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. బయటికి వచ్చాక వేపచెట్టు నీడలో ఆ అమ్మాయి ముందు నిలబడ్డాను. నోరు వాచి మాట సరిగా రావడం లేదు.

"తెలుసక్కయ్యా," అంది నేనేమీ అనకముందే. "నీ ఎనకాలే వచ్చిరి. అద్దాల తలుపులోంచి చూసినాను. ఫోనులో నోరు దానంతట అది మాట్లాడతానే ఉండె, లేచి పరిగెత్తలేకపోతిని. నువ్వు నన్ను చూసి ఏమన్నా సైగ చేస్తావేమో అనుకొంటిని. నువ్వు నన్ను చూడలేదు."

"నన్ను తిట్టు" అన్నాను.

"ఏమని తిట్టేది?" అంది. ఆమె భర్త ఆటో పిలిచాడు. వెళ్లిపోయారు.

వారం తిరక్కుండానే కోవర్కింగ్ మేనేజరు ఫోను చేశాడు. మిగతావాళ్లు ఇబ్బంది పడుతున్నారని, మా ఇద్దరి సామాన్లూ అట్టపెట్టెల్లో సర్ది కింద వాచ్‌మన్ దగ్గర పెట్టామని, చాలా మెత్తగా చెప్పాడు. నా పెట్టెలో స్కేలు లేదు. అది పోలీసుల దగ్గర ఉంది.

తర్వాత ఒక ఆదివారం మా వాళ్లు ముగ్గురు పెద్దలు ఇంటికి వచ్చారు. మా ఆయన మేనమామ తీసుకొచ్చాడు. కాఫీ తాగారు. మేనమామే మొదలుపెట్టాడు.

"ఏమ్మా, ఎన్ని తరాలుగా ఉండాము ఈ సీమలో? ఒకరి మీద ఒకరు కోర్టుకు పోయినామా? పిల్లోనికి చెవి సగం పోయె. ఇంక వానికి పిల్లనెవరిస్తారు? నువ్వు సాక్ష్యం చెప్పకుంటే వాళ్లు నీ మీద పెట్టిన కేసు తీసేస్తారు. సరి అని చెప్పు."

నేను నోరు తెరవకముందే నా భర్త అన్నాడు, "మామా, ఈమెకు పండ్లు రెండు పోయె. ఈమెకు పండ్లెవరిస్తారు?"

మేనమామ లేచాడు. గడప దాటుతూ, "ఆడదాని చెయ్యి ఇంత లేస్తే ఇల్లు నిలవదు" అన్నాడు. వాళ్లు పోయాక, తలుపు తీసింది నేనేనని నా భర్తకు చెప్పాను. ఆయన గ్లాసులు కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు. ఆ రాత్రి అన్నం తనే పెట్టుకుని తిన్నాడు. మర్నాడు కూడా.

మళ్లీ మేడ మీది గదిలో కూర్చున్నాను. కిటికీకి కొత్త అద్దం వేయించాం. పని సాగలేదు. కింద గేటు చప్పుడైతే లేచి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. ఎవరూ లేని గదిలోకి ఎవరైనా వస్తే కేక వినేవాళ్లెవరు అనే ఆలోచన ఒకటి పట్టుకుంది. అంతకు ముందు ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా రాని ఆలోచన. రెండు నెలలకే పీలమేడు దగ్గర ఇంకో కోవర్కింగ్ హాల్లో చేరాను. ఇక్కడ తలుపుకు ఎదురుగా కూర్చుంటాను. అందరి ఊళ్లూ అడుగుతాను. ఏ అమ్మాయైనా ఫోను పట్టుకుని వరండాలోకి పోతే వెనకాలే పోయి నిలబడతాను. కొందరికి నేనంటే విసుగు. ఒకమ్మాయి ముఖం మీదే అడిగేసింది, మీకు పనేం లేదా అని. పళ్లు కట్టించుకున్నాను. అవి ఇంకా నావిలా అనిపించవు. తెలియకుండానే నాలుకతో తడుముకుంటూ ఉంటాను.

ఆ అమ్మాయి, భర్త ఊరు మారారు. ఎక్కడికో నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిది. వాయిదాలకు వస్తుంది, పోలీసుల వెంట వచ్చి పోలీసుల వెంట పోతుంది. నన్ను చూస్తే తల ఊపుతుంది.

కిందటి వాయిదాకు ఆమె రాలేదు. కోర్టు వరండాలో బల్ల మీద నేనొక్కదాన్నే ఉన్నాను. బెయిలు మీద ఉన్న ఆమె అన్న వచ్చాడు. వేరే చోటు లేదు. అదే బల్ల చివర కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చెవి కింది సగం ఉండాల్సిన చోట ముడుచుకుపోయిన తోలు. విరిగిన రెండు వేళ్లూ వంగవు, కాగితాలు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. నేను లేవాలనుకున్నాను, లేవలేదు.

నా వైపు చూడకుండా, "అది బాగుండాదా?" అన్నాడు.

"తెలీదు."

"మా అమ్మ అడగమనింది."

"తెలీదని చెప్పు."

తల ఊపాడు. కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "నేను నిన్ను ఒక్క దెబ్బ కొడితిని. నువ్వు కొట్టింది నాకు లెక్క తెలుసు. కింద పడినాక కూడా ఎందుక్కా?"

నా దగ్గర ఒక జవాబు ఉంది. నువ్వు నీ చెల్లెలిని చంపడానికి వచ్చావు అని. అది నిజం. కానీ వాడు అడిగింది అది కాదు. కింద పడ్డాక సంగతి అడిగాడు. నా నాలుక కట్టుడు పళ్ల మీద ఆడుతోంది.

లోపలి నుంచి బంట్రోతు వాడి పేరు పిలిచాడు. వాడు ఎడమ చెయ్యి బల్లకు ఆనించి లేచాడు, పంచె సర్దుకుని లోపలికి పోయాడు. కాసేపటికి నా పేరు పిలిచారు.